వెలిగేదంతా సాక్ష్యం కాదు

(జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఫిబ్రవరి 28న ఎవరో ఒక లెక్చరరు గారిని పిలిపించుకుని నాలుగు సైన్సు మాటలు వినడం మన సంఘానికి ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు ఆ పని నాకు అప్పగించారు. నేను సైన్సు చదివింది పి.యు.సి. వరకే. ఆ తరువాత ఉద్యోగ జీవితమంతా బిల్లులు, రిజిస్టర్లు, పింఛను కాగితాలతోనే గడిచింది. "అయ్యా, నేనేం మాట్లాడగలను?" అంటే, "మీ మనవరాలు రీసెర్చి చేస్తోందిగా, ఆ అమ్మాయి చేసే పనేమిటో చెప్పండి చాలు" అన్నారు. నెల రోజులపాటు ఆ పిల్లను ఫోనులో సతాయించి, అడిగిందే మళ్లీ మళ్లీ అడిగి ఈ కాగితాలు రాసుకున్నాను. ఇందులో ఒప్పులన్నీ ఆమెవి. తప్పులుంటే నావి.

విషయం ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని. ఇంగ్లీషు మాటే వాడుకలో ఉంది కాబట్టి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు అందాం. జీవశాస్త్ర పరిశోధకులు దీనిమీద పని చేయడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందుతారు. మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూడటానికి శిక్షణ ఎందుకని నాకూ మొదట అనిపించింది. ఆ శిక్షణలో నేర్పేదేమిటి, అది లేకపోతే ఏమవుతుంది, అందులో మనవంటి ఆఫీసు మనుషులకు ముందే తెలిసిన సంగతి ఏముంది అన్న మూడు విషయాలే ఈ పూట మనవి చేస్తాను.

ముందు ప్రతిదీప్తి అంటే ఏమిటో చూద్దాం. బ్యాంకులో నోటును అతినీలలోహిత దీపం కింద పెట్టడం మనలో చాలామంది చూసినదే. మామూలు వెలుతురులో సాధారణంగా కనిపించే నంబరు ఆ దీపం కింద మెరుస్తుంది. ఆ సిరాలో ఉన్న పదార్థం కంటికి కనిపించని కాంతిని పీల్చుకుని, కనిపించే కాంతిగా తిరిగి ఇస్తుంది. చలిజ్వరానికి వాడే క్వినైన్ ద్రావణానికి ఈ గుణం ఉందని 1845లో జాన్ హెర్షెల్ రాశాడు. 1852లో జార్జి స్టోక్స్ దానిని లోతుగా పరిశీలించి, ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీదుగా ఫ్లోరసెన్స్ అని పేరు పెట్టాడు. తిరిగి వచ్చే కాంతికి తరంగదైర్ఘ్యం ఎక్కువ అని కూడా ఆయన గమనించాడు, అంటే దానికి శక్తి తక్కువ. నీలం ఇస్తే ఆకుపచ్చ వస్తుంది, ఆకుపచ్చ ఇస్తే ఎరుపు వస్తుంది. మన భాషలో చెప్పాలంటే లోపలికి వెళ్లేది మొత్తం జీతం, బయటికి వచ్చేది కోతలు పోను చేతికందే జీతం. ఆ కోతనే శాస్త్రజ్ఞులు స్టోక్స్ మార్పు అంటారు.

దీనికీ మైక్రోస్కోపుకూ సంబంధం ఏమిటి? మన శరీరంలోని కణం దాదాపు పారదర్శకంగా ఉంటుంది. మామూలు మైక్రోస్కోపు కింద చూస్తే పల్చటి గంజిలో ఏవో నలుసులు తేలుతున్నట్లు కనబడుతుందట. అందులో ఫలానా ప్రోటీను ఎక్కడుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. అయితే ఆ ఒక్క ప్రోటీనుకు మాత్రమే అంటుకునే ప్రతిదీప్తి రంగును పంపగలిగితే, చీకట్లో దీపావళి ప్రమిదల వరుసలాగా అది ఉన్నచోటే వెలుగుతుంది.

ఆ దారి చూపినవాడు ఆల్బర్ట్ కూన్స్. రోగక్రిములను పట్టుకోవడానికి మన రక్తంలో పుట్టే యాంటీబాడీలు తమకు సరిపోయిన పదార్థానికే అతుక్కుంటాయి. కూన్స్ 1941లో ఆ యాంటీబాడీకి ప్రతిదీప్తి రంగు తగిలించాడు. 1967లో యొహాన్ ప్లూమ్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు పైనుంచి కాంతిని పంపి, అదే కటకం గుండా తిరిగి వచ్చే కాంతిని చూసే పద్ధతిని స్థిరపరచాడు. ఇందులో మూడు చెక్‌పోస్టులుంటాయి. దీపం ముందు ఉన్న ఫిల్టరు కావలసిన రంగునే లోపలికి వదులుతుంది. మధ్యలో ఏటవాలుగా ఉన్న డైక్రోయిక్ అద్దం ఒక రంగును స్లైడు మీదికి మళ్లించి, తిరిగివచ్చే మరో రంగును పైకి పోనిస్తుంది. చివర ఉన్న ఫిల్టరు మిగిలిన దారితప్పిన కాంతిని ఆపుతుంది. ఈ మూడింటినీ ఒక చిన్న డబ్బాలో అమరుస్తారు. రంగును బట్టి డబ్బా మారుస్తారు.

తరువాత కథ సముద్రంలోకి పోయింది. 1962లో ఒసాము షిమోమురా అనే జపాను శాస్త్రజ్ఞుడు ఒక జెల్లీ చేప నుంచి ఆకుపచ్చగా వెలిగే ప్రోటీనును వేరుచేశాడు. దానిని తయారుచేసే జన్యువును 1992లో డగ్లస్ ప్రాషర్ పట్టుకున్నాడు. పరిశోధనకు డబ్బు ఆగిపోయేసరికి ఆయన ఆ జన్యువును అడిగినవారికి పంపి, ఆ పని వదిలిపెట్టాడు. దానితో 1994లో మార్టిన్ చాల్ఫీ బ్యాక్టీరియాలోనూ, ఒక చిన్న పురుగులోనూ వెలుగు పుట్టించాడు. రోజర్ చియెన్ దానిని మెరుగుపరచి రకరకాల రంగులు తీసుకువచ్చాడు. 2008లో షిమోమురా, చాల్ఫీ, చియెన్‌లకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోజున ప్రాషర్ అమెరికాలో ఒక కార్ల దుకాణం వారి వ్యాను నడుపుతున్నాడు. చాల్ఫీ, చియెన్ ఆయన సాయాన్ని మరువకుండా బహుమతి ప్రదానానికి స్టాక్‌హోం తీసుకువెళ్లారు. ఎవరో తయారుచేసిన ఫైలు మీద మరొకరికి ప్రమోషన్ రావడం చూసిన మనకు ఈ కథ కొత్తేమీ కాదు. తయారుచేసినవాడి పేరు చెప్పడం మాత్రం అరుదు.

ఇదంతా పెద్ద ప్రయోగశాలల ముచ్చట అనుకోకండి. క్షయ వ్యాధి పరీక్షలో కఫాన్ని ఆరమిన్ అనే రంగుతో పరీక్షించే పద్ధతి ఉంది. క్రిములు నల్లటి నేపథ్యం మీద పసుపు పచ్చని గీతల్లా మెరుస్తాయి. పాత రంగు పద్ధతి కన్నా తక్కువ సమయంలో ఎక్కువ భాగం చూడవచ్చు. ఎల్.ఇ.డి. దీపంతో పనిచేసే ఈ మైక్రోస్కోపులను పాతవాటి స్థానంలో తీసుకురమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సిఫారసు చేసింది. ఆ స్లైడు మీద మెరిసింది క్రిమా, లేక రంగు నలుసా అన్న తేడా ఒక మనిషి ఆరునెలలు మందులు మింగాలా వద్దా అన్న తేడా. శిక్షణ ఎందుకు కావాలో నాకు అక్కడ అర్థమైంది.

ఇక శిక్షణ సంగతి. అమెరికాలో వుడ్స్ హోల్ అనే సముద్రతీర పరిశోధనాలయంలో ఇటువంటి తరగతులకు పెద్ద పేరు. మనదేశంలో బెంగళూరు జాతీయ జీవశాస్త్ర కేంద్రం వంటి చోట్ల శిక్షణ శిబిరాలు జరుగుతాయి. మన హైదరాబాదు సి.సి.ఎం.బి.లోనూ మంచి మైక్రోస్కోపు విభాగం ఉంది. మా అమ్మాయి వెళ్లినది వారం రోజుల శిబిరం. మొదటిరోజు యంత్రం ముట్టుకోనివ్వలేదట. దీపం నుంచి కెమెరా దాకా కాంతి ప్రయాణించే దారిని కాగితం మీద గీయమన్నారట. గీయలేనివారు మళ్లీ గీయాలి.

రెండోరోజు స్లైడు తయారీ. కణాలను ఫార్మాల్డిహైడ్ ద్రావణంలో ఉన్నవి ఉన్నట్లు స్థిరపరచాలి. కణం పొరకు సబ్బులాంటి పదార్థంతో సన్నని రంధ్రాలు చేయాలి. యాంటీబాడీ అడ్డమైనచోటా అంటుకోకుండా ముందుగా వేరే ప్రోటీనుతో ఖాళీలు పూడ్చాలి. ఆ తరువాత మొదటి యాంటీబాడీ, దానిమీద రంగు తగిలించిన రెండో యాంటీబాడీ. ఒక్కో మెట్టుకూ మధ్య కడుగుడే కడుగుడు. కేంద్రకాన్ని గుర్తించడానికి డాపి అనే రంగు వేస్తారు. అది సుమారు 358 నానోమీటర్ల కాంతిని పీల్చుకుని 461 దగ్గర నీలంగా వెలుగుతుంది. పైన మూసే గాజు రేకు మందం 0.17 మిల్లీమీటరు ఉండాలి. కటకాన్ని ఆ మందం లెక్కపెట్టుకునే తయారుచేస్తారు కాబట్టి, వేరే మందం రేకు వాడితే బొమ్మ మసకబారుతుంది. నూనె కటకానికి పూసిన నూనె పొడి కటకానికి తగలకూడదు. కటకం తుడవడానికి ప్రత్యేకమైన కాగితమే వాడాలి, చున్నీ అంచు పనికిరాదు.

మూడోరోజు నుంచి అసలు పాఠం మొదలైంది. అది అనుమానించడం నేర్పే పాఠం.

మొదటి అనుమానం కెమెరా మీద. ఇటువంటి మైక్రోస్కోపుల కెమెరాలు చాలామటుకు రంగులు చూడవు, వెలుగు ఎంతో మాత్రమే కొలుస్తాయి. పుస్తకాలలో మనం చూసే ఆకుపచ్చ, ఎరుపు, నీలం కంప్యూటరులో మనిషి తగిలించినవి. 12 బిట్ల కెమెరా ఒక్కో చుక్కకు 0 నుంచి 4095 వరకు ఒక అంకె వేస్తుంది. వెలుగు 4095 దాటితే ఎంత దాటినా 4095 అనే రాస్తుంది. రెండు వందల కిలోల వరకే అంకెలున్న కాటా మీద మూడు వందల కిలోల బస్తా పెట్టినట్లు. అందుకని బొమ్మ కళ్లకు ఇంపుగా ఉందని మురిసిపోకుండా అంకెలు చూడమంటారు. వారి దృష్టిలో అది ఫోటో కాదు, కొలతల పట్టిక.

రెండో అనుమానం కాంతి మీద. ఎక్కువసేపు వెలుగు పడితే రంగు వెలిసిపోతుంది. మొదట తీసిన స్లైడుకూ చివర తీసిన స్లైడుకూ ఆ కారణంగానే తేడా రావచ్చు. బతికిన కణాలైతే ఆ వెలుగుకే దెబ్బతింటాయి. మనం చూస్తున్నది కణం సహజంగా చేసే పనా, మన దీపం తాకిడికి విలవిలలాడటమా అని అడుగుతుండాలి.

మూడోది దూరం మీద. 1873లో ఎర్నెస్ట్ అబ్బె చెప్పిన లెక్క ప్రకారం, సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు వస్తువులు మామూలు కాంతి సూక్ష్మదర్శినిలో ఒకటిగానే కనిపిస్తాయి. ఆ హద్దును దాటే ఉపాయాలకు 2014లో ఎరిక్ బెట్జిగ్, స్టెఫాన్ హెల్, విలియం మోర్నర్‌లకు నోబెల్ వచ్చింది కాని, ఆ యంత్రాలు అన్నిచోట్లా ఉండవు. అందుచేత ఆకుపచ్చ, ఎరుపు కలిసి పసుపు కనబడినంత మాత్రాన ఆ రెండు ప్రోటీనులూ చేయి చేయి కలిపి ఉన్నాయని అనరాదు. ఒకే వీధిలో ఉన్నాయని చెప్పవచ్చునంతే.

నాలుగోది వెలుగు ఎవరిదన్నది. రంగు వేయకపోయినా వెలిగేవి ఎన్నో ఉన్నాయి. ఆకులోని పత్రహరితం తనంతట తానే ఎర్రగా వెలుగుతుంది. ఇంకో సంగతి చెబితే మీరు సంతోషిస్తారు. వయసు మళ్లే కొద్దీ మన గుండె కణాలలో, నరాల కణాలలో లిపోఫ్యూసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. దానికి ఏ రంగూ అక్కరలేదు, సొంతంగా మెరుస్తుంది. అంటే ఈ హాలులో కూర్చున్న మనమందరం కుర్రవాళ్ల కన్నా ఎక్కువగా వెలుగుతున్నాం. ఆ వెలుగును చూసి ప్రోటీను దొరికిందని ఎవరైనా రాస్తే మాత్రం తప్పు రాసినట్లే.

ఈ అనుమానాలన్నిటికీ శిబిరంలో నేర్పిన మందు ఒక్కటే: ఖాళీ స్లైడు. అసలు రంగు వేయని స్లైడు ఒకటి, రెండో యాంటీబాడీ మాత్రమే వేసినది ఒకటి, రెండు రంగులు వాడే ప్రయోగమైతే ఒక్కో రంగు విడివిడిగా వేసిన స్లైడులు. వీటిని అసలు స్లైడుతోపాటు అదే రోజున, అదే దీపంతో, అంతే సేపు వెలుగిచ్చి తీయాలి. ఆ వివరాలన్నీ పుస్తకంలో రాయాలి. కెమెరా ఇచ్చిన మొదటి ఫైలును దిద్దకుండా భద్రపరచాలి. వీలైతే స్లైడుల పేర్లు కప్పి నంబర్లు వేయించి, ఏది ఏదో తెలియకుండా లెక్కపెట్టాలి.

ఈ రోజు మనం తలుచుకుంటున్న రామన్‌గారి కథలోనూ ఇదే ఉంది. చిన్నతనం విశాఖపట్నంలో గడిపిన ఆ మహానుభావుడు 1907 నుంచి పదేళ్లపాటు మనలాగే సర్కారు ఉద్యోగి. కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా పనిచేస్తూ, ఆఫీసు వేళలు కాని సమయంలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో పరిశోధన చేసేవారు. 1923లో ఆయన శిష్యుడు రామనాథన్ శుద్ధిచేసిన ద్రవాల గుండా కాంతిని పంపి చూస్తుంటే మరో రంగు వెలుగు లీలగా కనిపించింది. ద్రవంలో మలినం వల్ల కలిగిన బలహీనమైన ప్రతిదీప్తి అనుకున్నారు. అలాగైతే మళ్లీ మళ్లీ శుద్ధి చేస్తే పోవాలి కదా? పోలేదు. ఆ చిన్న సంగతిని రామన్ కొట్టివేయలేదు. కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి, కాంతి దారిలో ఒక రంగు ఫిల్టరు, కంటి ముందు మరో రంగు ఫిల్టరు పెట్టి ద్రవం తరువాత ద్రవం పరీక్షించారు. అది ప్రతిదీప్తి కానే కాదని, కొత్త రకమైన పరిక్షేపణమని 1928లో తేల్చారు. 1930లో నోబెల్ వచ్చింది. రెండు ఫిల్టర్ల మధ్య వెలిగినదానికి తొందరపడి పేరు పెట్టకపోవడమే ఈ రోజు మనం జరుపుకునే పండుగకు మూలం.

ఇప్పుడు మా ఇంటి సంగతి. చెప్పడానికి ఆమె అనుమతి తీసుకున్నాను.

మా మనవరాలు శిబిరానికి వెళ్లేముందే ఏడాదిన్నరగా ఆ యంత్రం మీద పనిచేస్తోంది. చేరిన కొత్తలో ఒక సీనియరు అరగంట పక్కన నిలబడి, "ఇది నొక్కు, అది నొక్కు" అని చూపించాడట. అదే ఆమెకు అయిన శిక్షణ. రెండు ప్రోటీనులు కణంలో ఒకేచోట ఉంటాయా లేదా అన్నది ఆమె ప్రశ్న. ఒకదానికి ఆకుపచ్చ, రెండోదానికి ఎరుపు. ఎరుపు నీరసంగా వస్తోందని ఆ ఫిల్టరులో కెమెరాను ఎక్కువసేపు తెరిచి ఉంచేది. ఆరునెలల పని తరువాత రెండూ అచ్చంగా ఒకదానిమీద ఒకటి పడి, కణమంతా పసుపు చుక్కలు కనిపించాయి. గైడుగారు సంతోషించారు. ఒక సమావేశంలో ప్రదర్శించడానికి పెద్ద పోస్టరు కూడా సిద్ధమయింది.

శిబిరంలో ఆ బొమ్మ చూపిస్తే బోధకులు మెచ్చుకుని, "ఆకుపచ్చ మాత్రమే వేసిన స్లైడు ఏదమ్మా?" అని అడిగారట. లేదు. ఎప్పుడూ చేయలేదు. అక్కడే చేయించారు. ఎరుపు రంగు చుక్కయినా వేయని ఆ స్లైడును, ఎరుపు ఫిల్టరులో, ఆమె వాడినంత సేపే తెరిచి చూస్తే, అవే చుక్కలు అవేచోట్ల కనిపించాయి. ఆకుపచ్చ రంగు 520 నానోమీటర్ల దగ్గర బాగా వెలిగినా దాని తోక చాలా దూరం సాగుతుంది. ఆ తోకే పక్క ఫిల్టరులోకి కారింది. ఒకే ప్రోటీనును రెండుసార్లు చూసి, రెండు ప్రోటీనులనుకుంది.

ఆ రాత్రి పదిగంటలకు ఫోను చేసింది. "తాతయ్యా, పోస్టరు పదిహేను రోజుల్లో పెట్టాలి. మా ల్యాబులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. అడగకపోయినా నేనే చెప్పాలా?" అంది. గొంతు వణుకుతోంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చెప్పే అర్హత నాకుందా అని ఆలోచించాను. అప్పుడు ఆమెతో చెప్పినది ఇప్పుడు మీముందు కూడా చెబుతున్నాను. మన సహోద్యోగులకు ఇంతవరకు చెప్పనిది.

1981లో నేను పింఛను సీటులో ఉన్నాను. చనిపోయిన ఒక అటెండరు భార్యకు కుటుంబ పింఛను ప్రతిపాదనలు నా చేతి మీదుగా వెళ్లాయి. సర్వీసులో చేరిన తేదీని రిజిస్టరుతో పోల్చి చూశానని టిక్కు పెట్టాను. చూడలేదు. ఆ రోజు పని ఎక్కువగా ఉంది, కింద సీటులో అప్పటికే ఒక టిక్కు ఉంది. టైపులో 1957 కాస్తా 1951 అయింది. పై ఆఫీసు నుంచి కాగితాలు ఆక్షేపణతో తిరిగి వచ్చాయి. మళ్లీ వెళ్లాయి, మళ్లీ వచ్చాయి. నా టిక్కును చూసి ఎవరూ రిజిస్టరు తెరవలేదు. ఆ తల్లి ఏడునెలలు మా వరండాలో కూర్చుంది. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక నేనే బీరువా తెరిచి రిజిస్టరు తీశాను. తప్పు రెండు నిమిషాలలో కనబడింది. ఫైలులో "గుమాస్తా పొరపాటు" అని రాసి సరిదిద్దాం. ఆ గుమాస్తా ఎవరో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆమె డబ్బు అందుకున్న రోజున నాకు దండం పెట్టి, "మీరు చూడబట్టి వచ్చింది బాబూ" అంది. ఆ దండం నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

మనవరాలితో, "తల్లీ, నీ బొమ్మ కింద నీ పేరుంటే అది నువ్వు పెట్టిన టిక్కు. దాన్ని నమ్మి ఇంకొకడు రిజిస్టరు తెరవడు. ఆపైన నీ ఇష్టం" అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "సరే, పడుకో తాతయ్యా" అంది.

తిరిగి వెళ్లిన మరునాడు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి గైడుగారికి చూపించింది. ఆయన చాలాసేపు చూసి, ఆ బొమ్మను పోస్టరు నుంచి తీసేయమన్నారు. కోప్పడలేదు, మెచ్చుకోనూలేదు. ఎరుపుకు బదులు ఆకుపచ్చ తోక అందనంత దూరంలో వెలిగే రంగు తెప్పించి, ఒకదాని తరువాత ఒకటిగా బొమ్మలు తీసి, ఖాళీ స్లైడులతో సహా పని మొదటినుంచి చేసింది. మరో నాలుగునెలలు పట్టింది. రెండు ప్రోటీనులూ ఒకేచోట కనిపించడం నిజమే కాని, అన్ని చుక్కలలోనూ కాదు, కొన్నింటిలోనే. ఫలితం చిన్నదయింది. పోస్టరు చాన్సు పోయింది. ఇప్పుడు ఆ ల్యాబులో కొత్తగా చేరినవారికి యంత్రం చూపించే పని ఈమెదే. మొదట చూపించేది రంగు వేయని స్లైడునట.

ఇది ఒక్క పిల్ల సమస్య కాదు. 2016లో ఎలిజబెత్ బిక్, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు 40 పత్రికలలో వచ్చిన 20,621 పరిశోధన పత్రాలలోని ప్రయోగ చిత్రాలను పరిశీలించి, 3.8 శాతం పత్రాలలో ఒకే చిత్రం రెండోసారి వాడటం వంటి దోషాలున్నాయని ప్రకటించారు. వాటిలో కనీసం సగం కావాలని చేసినట్లు కనిపిస్తున్నాయని కూడా రాశారు. అంతకుముందే, 2002 నుంచి, ది జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ వారు పత్రాలలోని చిత్రాలను ప్రచురణకు ముందు పరీక్షించడం మొదలుపెట్టారు. కావాలని చేసేవారిని పట్టుకోవడానికి ఆడిట్ కావాలి. తెలియక చేసేవారికి శిక్షణ కావాలి. మా అమ్మాయి రెండో రకం. ఆ వారం రోజుల శిబిరమే లేకపోతే ఆ పసుపు చుక్కలు ఈపాటికి అచ్చులో ఉండేవి. దానిని నమ్మి ఇంకెవరో మరో రెండేళ్లు పోగొట్టుకునేవారు.

చివరగా ఒక మనవి. మనలో చాలామంది పిల్లలు, మనవలు సైన్సు చదువుతున్నారు. కొందరు విదేశాలలో పరిశోధన చేస్తున్నారు. వారు పండుగకు ఇంటికి వచ్చి సెల్‌ఫోనులో రంగురంగుల కణాల బొమ్మలు చూపిస్తే మనం "బాగుందమ్మా" అని ఊరుకుంటాం. మనకేం తెలుసులే అనుకుంటాం. ఈసారి ఊరుకోకండి. "రంగు వేయని స్లైడులో ఏం కనిపించిందమ్మా?" అని ఒక్క మాట అడగండి. జవాబు మనకు పూర్తిగా అర్థం కాకపోవచ్చు. అడిగే పెద్దవాడు ఒకడున్నాడని వారికి తెలిస్తే చాలు.